మోజు పడ్డారా.. ముందు ఎన్‌ఓసీ అడగండి!
పాత స్పోర్ట్ పికప్ కొనేవారు సరిహద్దులో చూసుకోవాల్సినవి

పావగడ: శనివారం వస్తే శనిమహాత్మ గుడి వీధుల్లో బళ్ల సందడి చెప్పనక్కర్లేదు. ఆంధ్ర నంబర్లు, కర్ణాటక నంబర్లు పక్కపక్కనే. వాటిలో కుర్రకారు కళ్లు ఆగేది ఒక్కదాని మీదే. ముందు కారులా ఐదుగురు కూర్చునే సీట్లు, వెనక ట్రాలీ, ఎత్తయిన టైర్లు, గుట్టనైనా ఎక్కే ఫోర్‌వీల్ డ్రైవ్. కొత్తది కొనాలంటే లక్షలు పాతిక దాకా పోతాయి. అందుకే చూపు సెకండ్‌హ్యాండ్ మీద పడుతోంది.

ఈ తాలూకాలో ఆ మోజుకు కారణాలూ ఉన్నాయి. తిరుమణి చుట్టూ 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు 2018లో మొదలై 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. భూములిచ్చిన రైతులకు ఎకరాకు ఏటా 21 వేల రూపాయలతో కౌలు మొదలైంది. వానను నమ్మి వేరుశనగ వేసిన ఇళ్లలో ఏటా ఒకేసారి డబ్బు కళ్లజూడటం చిన్న మాట కాదు. ఆ డబ్బు బండిగా మారితే తప్పేమీ లేదు. ఎలాంటి బండిగా మారిందన్నదే అసలు సంగతి.

పాత బజారులో ప్రధానంగా దొరికేవి మూడు. 2007లో వచ్చిన మహీంద్రా స్కార్పియో గెట్‌అవే, 2009లో వచ్చిన టాటా జెనాన్ ఎక్స్‌టీ, 2016లో వచ్చిన ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్. మూడోది తయారయ్యేది మన శ్రీసిటీలోనే. అక్కడి ఫ్యాక్టరీ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. తొలి వీ-క్రాస్‌లది 2.5 లీటర్ల డీజిల్ ఇంజిను, 134 హార్స్‌పవర్. జెనాన్ 2.2 లీటర్లతోనే 140 లాగేది. లాగుడులో దేనికదే సాటి. తేడా వచ్చేది మెకానిక్ దగ్గరే. గెట్‌అవే ఇంజిను స్కార్పియోదే, జెనాన్‌ది సఫారీదే. ఆ ఇంజిన్లు విప్పి బిగించిన చేతులు హిందూపురంలోనో మడకశిరలోనో దొరుకుతాయి. కాకపోతే ఈ రెండు బళ్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ట్రాలీ తలుపు, వెనక లైటు లాంటివి పగిలితే పాత సామాన్ల అంగళ్లు తిరగాల్సిందే. ఇసుజుకు సామాను దొరుకుతుంది గానీ ధర గట్టిగానే ఉంటుంది. పెద్ద పని పడితే బెంగళూరు పోవాల్సి రావచ్చు. ఊళ్లో చేయించుకోగలిగిన బండి కావాలనుకునేవారికి బాగా చూసుకున్న గెట్‌అవే మేలని మా లెక్క. దర్జా మాత్రం వీ-క్రాస్‌దే, కాదనలేం.

నంబరు ఎక్కడిది?

మూడు వైపులా ఆంధ్ర ఉన్న తాలూకా ఇది. కల్యాణదుర్గంలో బేరం కుదిరి, పెనుకొండలో డబ్బులిచ్చి, సాయంత్రానికి బండి పావగడలో ఉంటుంది. కాగితాలు మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతాయి. "ఏమీ కాదన్నా, అందరూ ఇట్లే తిప్పుతాండారు" అనే మాట బ్రోకర్ల నోట మామూలే. చట్టం అలా అనడం లేదు. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలకు మించి ఉంటే ఇక్కడి నంబరు వేయించుకోవాల్సిందే. పావగడ వాళ్లకు అది మధుగిరి ఆర్టీఓ ఆఫీసు, కేఏ-64.

అందుకు అమ్మేవారి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ రావాలి. అది ఫారం 28. యాజమాన్య మార్పిడికి 29, 30. ఫైనాన్స్ ఉంటే తీరిపోయినట్లు ఫారం 35. ఆర్సీలో బ్యాంకు పేరు ఇంకా ఉంటే "లోను ఎప్పుడో కట్టేశాం" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. ఇక్కడ జీవితకాల పన్ను బండి వయసును బట్టి మళ్లీ కట్టాలి. అక్కడ కట్టిన పన్నులో మిగులు వాపసు అడగొచ్చు గానీ దానికి పాత యజమాని సంతకాలు కావాలి. ఆ సంగతి బేరంలోనే తేల్చుకోవాలి. డబ్బులు చేతులు మారాక ఫోనెత్తేవారు తక్కువ.

అమ్మేవారికీ భయం ఉండాల్సిన చోటు ఒకటుంది. 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా ఆర్టీఓ రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో యజమాని వారే, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదే. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి బండి ఇచ్చేసి మరిచిపోయినవారు ఇది గుర్తుంచుకోవాలి. కొన్నవారికి నష్టం ఇంకోరకం. ఇన్సూరెన్స్ తమ పేరుకు మారకపోతే సొంత బండి నుజ్జయినా కంపెనీ నుంచి పైసా రావడం కష్టం.

ఢిల్లీ నుంచి వచ్చిన చవక బళ్ల గురించీ ఒక మాట. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు అక్కడ తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025లో కోర్టు కొంత ఊరటనిచ్చినా, ఆలోగా ఎన్నో బళ్లు ఇతర రాష్ట్రాలకు తరలిపోయాయి. అన్నీ చెడ్డవని కాదు. ఎన్‌ఓసీ ఏ జిల్లా పేరు మీద ఇచ్చారో చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

పొద్దున్నే పోవాలి

బండి చూడటానికి అమ్మేవారు స్టార్ట్ చేయకముందే పోవాలి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ముందే వేడి చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజిను స్టార్ట్ చేశాక నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ తాగుతోందని అర్థం. ఆయిల్ మూత తీస్తే లోపలి నుంచి పొగ కొడుతోందా చూడాలి. కిలోమీటర్ల మీటరును నమ్మొద్దు, పెడళ్ల రబ్బరు అరుగుదలను నమ్మండి. తర్వాత బండి కింద పడుకుని ఛాసిస్ చూడాలి. వెల్డింగ్ మచ్చ, కొత్తగా పూసిన నల్లరంగు కనబడితే బరువు మోసి పగిలిందేమో అడగాలి. కమాన్ కట్టల్లో అదనంగా పట్టీ వేసి ఉంటే ఆ బండి స్పోర్ట్ కోసం తిరగలేదు, రాళ్లో ఇసుకో మోసింది.

సీటుబెల్టును చివరిదాకా లాగండి. చివర బురద చారలుంటే వరద నీళ్లు తాగిన బండి. 2023 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ మునిగిన సంగతి తెలిసిందే.

రేడియేటర్‌కు బోరు నీళ్లా?

పావగడ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి తెలియనివారు లేరు. ఎముకలు వంగిన ఊళ్లున్నాయి. మనుషులకే పనికిరాని ఆ ఉప్పునీళ్లను రేడియేటర్‌లో పోసేవారు ఇంకా ఉన్నారు. పొయ్యి మీద గిన్నెకు అట్టకట్టినట్లే లోపల సున్నం పేరుకుంటుంది. ఎండాకాలం లోడుతో ఎత్తెక్కేసరికి ఇంజిను కాగి హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఆ ఖర్చు కూలెంట్ డబ్బాలు ఎన్నింటికో సమానం. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు తప్ప మరేదీ వద్దు.

మన మట్టిరోడ్ల దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్‌ను కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే చూడాలి. డ్రమ్ములో తెచ్చిన డీజిల్ పోస్తే ఫిల్టర్ కింద చేరిన నీటిని వదిలేస్తుండాలి. టర్బో బండి కాబట్టి గట్టిగా నడిపాక వెంటనే ఆపకుండా ఒక నిమిషం స్లోలో ఉంచాలి.

ఫోర్‌వీల్ బటన్ మీద పిల్లలకు మోజెక్కువ. బురదలో, ఇసుకలో, చెరువు కట్ట దిగేటప్పుడు వాడండి. ఎండిన తారురోడ్డు మీద అదే వేసుకుని మలుపులు తిరిగితే ముందు వెనక చక్రాలు ఒకదాన్నొకటి లాక్కుని గేర్లు, జాయింట్లు అరుగుతాయి. కొనేముందు మాత్రం ఒకసారి మట్టిలోకి తీసుకెళ్లి 4హెచ్, 4ఎల్ రెండూ వేసి చూడాలి. ఏళ్ల తరబడి వాడక పట్టేసిన బళ్లు చాలా ఉన్నాయి. లైటు వెలిగినంత మాత్రాన ముందు చక్రాలు తిరుగుతున్నట్లు కాదు.