పత్రిక మీద పరువు దావానా? ముందు ఇవి చదవండి!

పత్రిక మీద వేసిన పరువు నష్టం దావా వాదనల్లోనే తేలుతుందనుకుంటున్నారా? చాలాసార్లు దాని తలరాత దావా కాగితం మీదే రాసి ఉంటుంది! ఆ కాగితంలో ఏముండాలో, ఎప్పుడు వేయాలో, ఎక్కడ వేయాలో... అన్నీ వింతలే!

మీకు తెలుసా? న్యూయార్క్‌లో "నా పరువు తీశారు" అని రాస్తే చాలదు. పత్రిక అచ్చువేసిన మాటల్ని ఉన్నవి ఉన్నట్టు దావాలో దించాల్సిందే. మిమ్మల్ని ఏడిపించిన వాక్యాన్ని మీరే మళ్లీ రాయాలన్నమాట!

మీకు తెలుసా? 1830 నాటి వార్త మీద పదిహేడేళ్లు దాటాక ఒకాయన దావా వేసి గెలిచాడు! బ్రన్స్‌విక్ డ్యూక్ తన నౌకర్ని పంపి లండన్ 'వీక్లీ డిస్పాచ్' పాత సంచిక ఒకటి కొనిపించాడు. దావాకు గడువు ఆరేళ్లే. కానీ ఆ ఒక్క కాపీ అమ్మడం కూడా కొత్తగా ప్రచురించినట్టేనని 1849లో కోర్టు తేల్చింది. పరిహారం 500 పౌండ్లు! ఇంగ్లండ్‌లో ఈ దారి మూసే చట్టం 2013లో గానీ రాలేదు.

మీకు తెలుసా? న్యూయార్క్ వాసి కాథీ కీటన్ 'హస్లర్' మాసపత్రిక మీద దావా వేయడానికి న్యూ హాంప్‌షైర్‌ను ఎంచుకున్నారు. అప్పటికి గడువు మిగిలింది ఆ ఒక్క రాష్ట్రంలోనే! అక్కడ ఆ పత్రిక నెలకు 10 నుంచి 15 వేల కాపీలు అమ్ముడయ్యేది. అది చాలు, దావా నడవనివ్వండి అని 1984లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 50 రాష్ట్రాల్లో ఒకే ఒక్క తలుపు!

మీకు తెలుసా? అమెరికాలోని నీమన్ మార్కస్ దుకాణం సిబ్బందిని ఓ పుస్తకం పేర్లు చెప్పకుండా తిట్టింది. 25 మంది సేల్స్‌మెన్‌లో 15 మంది దావా వేస్తే 1952లో కోర్టు సరేనంది. 382 మంది సేల్స్‌గర్ల్స్ తరఫున 30 మంది వస్తే, గుంపు మరీ పెద్దదని కొట్టేసింది. తిట్టు ఎక్కువమందికి తగిలేకొద్దీ దావా తేలిపోతుంది!

మీకు తెలుసా? 'న్యూయార్క్ టైమ్స్'లో వచ్చిన ప్రకటనలో తన పేరే లేకపోయినా సలివన్ అనే అలబామా అధికారి 5 లక్షల డాలర్ల తీర్పు తెచ్చుకున్నాడు. ఆ రాష్ట్రానికి చేరినవి 394 కాపీలే! 1964లో సుప్రీంకోర్టు 9-0తో ఆ తీర్పును కొట్టేసింది. ప్రభుత్వ అధికారులైతే, అబద్ధమని తెలిసే రాశారనో, నిజానిజాలు బొత్తిగా పట్టించుకోలేదనో చూపాలంది.

మీకు తెలుసా? ఆ షరతు దెబ్బ ఇజ్రాయెల్ నేత ఏరియల్ షరాన్‌కూ తగిలింది. 'టైమ్' మీద 5 కోట్ల డాలర్లకు దావా వేశాడు. రాసింది తప్పే, పరువూ పోయింది అని 1985లో జ్యూరీ ఒప్పుకుంది. కానీ అబద్ధమని తెలిసి రాసినట్టు తేలలేదు. చేతికొచ్చింది సున్నా!

మీకు తెలుసా? 2015లో 'న్యూయార్కర్' కేసులో అప్పీలు కోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. ఓ వివాదం విషయంలో నలుగురికీ తెలిసిన వ్యక్తి దావా వేస్తే, పత్రిక అబద్ధమని తెలిసో, నిజానిజాలు పట్టించుకోకో రాసిందని నమ్మదగినట్టు చూపే సంగతులు దావాలోనే ఉండాలంది. ఎడిటర్ ఫైళ్లు చూడకముందే ఎడిటర్ మనసు చదవాలి!

మీకు తెలుసా? 'ఫ్యాక్ట్' పత్రిక మీద గెలిచిన సెనేటర్ గోల్డ్‌వాటర్‌కు జరిగిన నష్టానికి జ్యూరీ కట్టిన విలువ 1 డాలర్. పత్రికకూ, ప్రచురణకర్తకూ శిక్షగా వేసింది 75,000 డాలర్లు!

మీకు తెలుసా? మన దేశంలో పత్రికలో పేరున్నంత మాత్రాన ప్రధాన సంపాదకుణ్ణి క్రిమినల్ పరువు నష్టం కేసులోకి లాగలేరు. ఆయనకు ఏం తెలుసో, ఏం చేశాడో ఫిర్యాదులో విడమరిచి రాయాలని 1991లో కె.ఎం. మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హోదా ఒక్కటే నేరం కాదు!

మీకు తెలుసా? అచ్చులో పోయిన పరువుకు మన దగ్గర సివిల్ దావా గడువు ప్రచురించిన రోజు నుంచి ఒక్క ఏడాదే! అందుకే కోపం రాగానే కత్తిరించి దాచాల్సింది ఆ పేజీ, రాసి పెట్టుకోవాల్సింది అది వెలువడిన తేదీ!