కుబుసం విడిచే వేళే పురుగుకు గండం

మందు కొట్టి రెండు రోజులైనా పురుగు చావలేదని మళ్లీ మందుల కొట్టుకు పరుగెత్తే రైతులున్నారు. కొన్ని మందుల విషయంలో ఆ తొందర వల్ల డబ్బు దండగ. ఎందుకో తెలియాలంటే పురుగు చర్మం సంగతి తెలుసుకోవాలి.

పురుగుకు లోపల ఎముకలుండవు. పైనున్న గట్టి చర్మమే దానికి ఆధారం, కవచం. అది అంతగా సాగదు గనుక, పెరగాలంటే పాతది విడిచి కొత్తది తొడుక్కోవాల్సిందే. పొగాకు లద్దె పురుగు పిల్ల దశలో సాధారణంగా అయిదుసార్లు కుబుసం విడుస్తుంది.

దీన్ని నడిపేవి హార్మోన్లు. ఎక్డైసోన్ అనేది కుబుసం విడిచే పనిని మొదలుపెట్టిస్తుంది. అప్పుడే బయటపడిన పురుగు పాలిపోయి, మెత్తగా ఉంటుంది. అప్పుడు నరాల నుంచి బర్సికాన్ అనే మరో హార్మోను రక్తంలోకి దిగుతుంది. దాంతో కొద్ది గంటల్లో చర్మం గట్టిపడి రంగు తేరుతుంది. తంగేడు చెక్కతో తోలు ఊనినట్లన్నమాట. బర్సికాన్ పేరు కూడా తోలు ఊనడానికి సంబంధించిన గ్రీకు మాట నుంచే వచ్చింది.

అమెరికాలో ఫ్రాంకెల్, షావ్ అనే శాస్త్రజ్ఞులు 1962లో ఈగల మీద దీన్ని రుజువు చేశారు. కొత్తగా వెలువడిన ఈగ మెడకు ముడి బిగిస్తే, వెనుక శరీరం మెత్తగా, తెల్లగా ఉండిపోయింది. గట్టిపడుతున్న మరో ఈగ రక్తం ఎక్కిస్తే నల్లబడింది.

ఇక మందుల మాట. నొవాల్యురాన్, బుప్రోఫెజిన్ ఈ హార్మోన్లను ముట్టవు. కొత్త చర్మానికి కావాల్సిన కైటిన్ అనే పదార్థాన్ని తయారు కానివ్వవు. కాబట్టి పురుగు తరువాతి కుబుసం దాకా బతికే ఉంటుంది, అప్పుడు చస్తుంది. కొన్ని రోజులు ఓపిక పట్టాలి. వరిలో సుడిదోమకు బుప్రోఫెజిన్ పిల్ల పురుగుల మీదే బాగా పనిచేస్తుంది, రెక్కల దోమలను వెంటనే చంపదు. వేపలోని అజాడిరక్టిన్ మాత్రం ఎక్డైసోన్ పనినే చెడగొడుతుంది.

ఆకులు జల్లెడలా కనిపిస్తే లద్దె పురుగు పిల్లలు గుంపుగా ఉన్నట్లే. గుడ్ల సముదాయాలను, ఆ ఆకులను ఏరి నాశనం చేయండి. 5 కిలోల వేప గింజల పొడిని 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి 100 లీటర్లు చేసి సాయంత్రం పిచికారీ చేయాలి.

ఒక హెచ్చరిక. పట్టుపురుగు కూడా కుబుసం విడిచే పురుగే. మల్బరీ తోట పక్కన ఈ మందులు కొడితే పొరుగు రైతు పంట పోతుంది.

మందు కలిపే ముందు పురుగు వయసు చూడండి. చిన్నగా ఉన్నప్పుడే పని సులువు.