పాస్కల్‌ను లినక్స్‌కు చేర్చినవాళ్లు

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లకు టర్బో సి నీలి తెర గురించి చెప్పక్కర్లేదు. దానికి అన్న టర్బో పాస్కల్. జ్యూరిక్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న నిక్లాస్ విర్త్ రూపొందించిన పాస్కల్ భాషకు, డెన్మార్క్ యువకుడు ఆండర్స్ హేల్స్‌బర్గ్ రాసిన కంపైలర్ అది. కాలిఫోర్నియాలోని బోర్లాండ్ కంపెనీ 1983 నవంబరులో దాన్ని అమ్మకానికి పెట్టింది. ధర 49.95 డాలర్లు. అప్పట్లో కంపైలర్ కొనాలంటే వందల డాలర్లు పోయాల్సి వచ్చేది. ఇందులో ఎడిటర్, కంపైలర్ రెండూ 40 కిలోబైట్ల లోపు ఒకే ఫైల్లో ఇమిడిపోయాయి. రాసిన ప్రోగ్రామ్ అక్కడికక్కడే నడిచేది, తప్పుంటే ఆ తప్పు దగ్గరికే కర్సర్ వెళ్లి నిలబడేది. లక్షల మంది దానితోనే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. అంతకంటే ముఖ్యం, దానిలో బోలెడంత కోడ్ రాసిపెట్టుకున్నారు. దుకాణాల లెక్కలు, ప్రయోగశాలల కొలతలు, ఆటలు, అన్నీ.

1992లో ఏడో వెర్షన్ వచ్చింది. అప్పటికే దాని హద్దులు ఇరుకైపోయాయి. అది 16 బిట్ల కంపైలర్. అందులో ఏ డేటా అయినా 64 కిలోబైట్లు దాటకూడదు. ఒక పూర్ణాంకానికి రెండు బైట్లు కావాలి కాబట్టి, నలభై వేల అంకెల పట్టిక ఒకటి కావాలని రాస్తే 80,000 బైట్లు అవుతాయి. పట్టిక మరీ పెద్దదైపోయిందని చెప్పి కంపైలర్ అక్కడే ఆగిపోయేది. ప్రోగ్రామ్ నడిచే 386 ప్రాసెసర్‌కు మాత్రం అదో లెక్క కాదు, అది 1985 నుంచే 32 బిట్లది. బోర్లాండ్ చూపు మాత్రం విండోస్ వైపు మళ్లింది. డాస్ కోసం ఇక కొత్త పాస్కల్ రాదని తేలిపోయింది. 1995లో పాస్కల్ ఆధారంగానే డెల్ఫీ వచ్చింది, అదీ విండోస్‌కే. వ్యాపారంగా చూస్తే కంపెనీ నిర్ణయంలో తప్పేమీ లేదు. కానీ జనం రాసుకున్న కోడ్ కంపెనీది కాదు. ఆ కోడ్ ఎక్కడ బతకాలో కంపెనీ ఒక్కటే తేల్చడం నాకు న్యాయంగా తోచదు. ఈ కథలోని మనుషులకూ అలాగే అనిపించి ఉంటుంది.

1993లో ఫ్లోరియన్ క్లెంఫ్ల్ అనే జర్మన్ విద్యార్థి సొంతంగా 32 బిట్ల పాస్కల్ కంపైలర్ రాయడానికి కూర్చున్నాడు. రాసింది పాస్కల్‌లోనే. దాన్ని కంపైల్ చేయడానికి చేతిలో ఉన్నది టర్బో పాస్కలే, అందుకే తొలి కంపైలర్ కూడా 16 బిట్లదే అయింది. అయితే అది పుట్టించే ప్రోగ్రాములు 32 బిట్లవి. దానికి భాష ఒక్కో ముక్కా నేర్పుతూ పోగా, రెండేళ్లకు తన సొంత సోర్స్ కోడ్‌ను తానే కంపైల్ చేసుకునే స్థాయికి వచ్చింది. ఆ క్షణం నుంచి బోర్లాండ్ కంపైలర్‌తో దానికి పని లేకపోయింది. ఇంటర్నెట్‌లో పెట్టగానే వేరే దేశాలవాళ్లు వచ్చి చేరారు. వాళ్లలో ఒకరైన మైకేల్ వాన్ కానైట్ దాన్ని లినక్స్‌కు తెచ్చాడు. అదే ఫ్రీ పాస్కల్.

ఒక ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఇంకోదానికి తేవడమంటే ఏమిటి? ప్రాసెసర్ ఒక్కటే అయినప్పుడు కూడికలు, పోలికలు మారవు. మారేది ఆపరేటింగ్ సిస్టమ్‌ను పని అడిగే తీరు. ఫైల్ తెరవమని డాస్‌ను అడగాలంటే 21 హెక్స్ అనే అంతరాయాన్ని పిలవాలి, అప్పటి లినక్స్‌లో 80 హెక్స్. అడిగే వరుస వేరు, జవాబు వచ్చే పద్ధతి వేరు. తెరమీద ఒక్క వాక్యం అచ్చు వేసే ఆజ్ఞ వెనక కూడా ఈ తతంగమంతా ఉంటుంది. అందుకే కంపైలర్‌తో పాటు వచ్చే రన్‌టైమ్ లైబ్రరీని ప్రతి సిస్టమ్‌కూ మళ్లీ రాయాల్సి వచ్చింది.

పైకి చిన్నగా కనిపించే పేచీలే ఎక్కువ తిప్పలు పెడతాయి. పాస్కల్‌లో పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ తేడా లేదు, డాస్ ఫైళ్ల పేర్లకూ లేదు. లినక్స్‌లో ఉంది. డాస్‌లో ఇరవై ఏళ్లు సాఫీగా కంపైలైన ప్రోగ్రామ్ లినక్స్‌లో తన సొంత సోర్స్ ఫైలే కనబడక చతికిలబడుతుంది. ఫ్రీ పాస్కల్ చేసిందేమిటంటే, మీరు రాసిన పేరుతో ముందు వెతుకుతుంది, దొరక్కపోతే అంతా చిన్నక్షరాల్లో, అప్పటికీ దొరక్కపోతే అంతా పెద్దక్షరాల్లో. పాత కోడ్ రాసినవాళ్ల అలవాట్లు తెలిసినవాళ్లకే ఇలాంటి ఏర్పాటు తడుతుంది. పూర్ణాంకం సంగతీ అంతే. టర్బో పాస్కల్‌లో దానికి రెండు బైట్లు, 32 బిట్ల డెల్ఫీలో నాలుగు. ఫైలు మొదట్లో ఏ మోడ్ కావాలో ఒక్క మాట రాస్తే చాలు, కంపైలర్ ఆ కాలపు లెక్క ప్రకారమే నడుచుకుంటుంది. పాతదాని ఒడుదొడుకుల్ని కూడా ఉన్నవి ఉన్నట్టు నిలబెట్టడానికి కొత్తది కనిపెట్టడం కంటే ఎక్కువ ఓపిక కావాలి.

డెల్ఫీతో అసలు చిక్కు వచ్చింది. అది ఒట్టి కంపైలర్ కాదు. బటన్ తెచ్చి కిటికీలో పెట్టి, నొక్కితే ఏం జరగాలో రాసుకునే కార్యశాల అది. ఆ బటన్ గీసేది విండోస్. లినక్స్‌లో విండోసే లేదు. అలాంటి కార్యశాల కట్టాలని మెగిడో అనే ప్రయత్నం మొదలై ఆగిపోయింది. అది పోయిన చోటే 1999 ఫిబ్రవరిలో మరో బృందం మళ్లీ మొదలుపెట్టి, సమాధిలోంచి లేచి వచ్చిన లాజరు పేరే తమ పనికి పెట్టుకుంది. లాజరస్ ఎంచుకున్న దారి ఇది: ప్రోగ్రామర్‌కు కనిపించే పేర్లన్నీ డెల్ఫీవే ఉంటాయి, అడుగున మాత్రం ప్రతి సిస్టమ్‌కూ ఒక వేరే పొర. ప్రోగ్రామ్ బటన్ అడిగితే ఆ పొర విండోస్‌లో విండోస్ బటన్‌నూ, లినక్స్‌లో జీటీకే లేదా క్యూటీ అనే తెర లైబ్రరీల బటన్‌నూ తెచ్చి ఇస్తుంది. కిటికీ మళ్లీ గీయాల్సి వస్తే విండోస్ ఒక సందేశం పంపుతుంది. ఆ సందేశం కోసం కాచుకుని ఉండే డెల్ఫీ కోడ్ ఎంతో ఉంది. లినక్స్‌లో అది రాదు కాబట్టి, పొరే దాన్ని తయారుచేసి పంపుతుంది.

ఇంతలో 2001లో బోర్లాండే కైలిక్స్ పేరుతో డెల్ఫీని లినక్స్‌కు తెచ్చింది. స్వచ్ఛంద బృందం పని ఇక అయిపోయిందని ఎవరైనా అనుకునేవారే. కానీ కైలిక్స్ కార్యశాల నిజానికి విండోస్ ప్రోగ్రామే, వైన్ లైబ్రరీల ఆసరాతో లినక్స్‌లో నడిచేది. బరువుగా, మందకొడిగా ఉండేది. పైగా దాని తెర లైబ్రరీ వేరు, డెల్ఫీలో రాసినవన్నీ నేరుగా అందులోకి రాలేదు. 2002లో మూడో వెర్షన్‌తో కంపెనీ చేతులు దులిపేసుకుంది. సోర్స్ కోడ్ మూసి ఉన్నందున, లినక్స్ ముందుకు పోతున్న కొద్దీ కైలిక్స్ ఎక్కడికక్కడ విరిగిపోయింది. బాగుచేసే వీలు బయటివాళ్లకు లేదు.

సోర్స్ కోడ్ గురించే ఇంకో మాట. ఖరీదైన డెల్ఫీ కొన్నవాళ్లకు దాని లైబ్రరీ సోర్స్ కూడా ఇచ్చేవారు. చదువుకోవచ్చు, ఎత్తి రాయకూడదు. ఎన్నో చేతులు కలిసిన చోట ఆ గీత నిలబెట్టడం కష్టం. ఫ్రీ పాస్కల్‌లో కొన్ని భాగాలు బోర్లాండ్ కోడ్‌లోంచి వచ్చాయన్న ఆరోపణ రాగా, 2008లో వచ్చిన 2.2.2 వెర్షన్ కోసం ఆ భాగాల్ని తీసేసి క్లీన్ రూమ్ పద్ధతిలో మళ్లీ రాశారు. ఆ పద్ధతిలో, అసలు కోడ్ చూసినవాళ్లు అది ఏం చేస్తుందో మాత్రమే వివరిస్తారు. దాన్ని ఎన్నడూ చూడనివాళ్లు ఆ వివరణ పట్టుకుని కొత్తగా రాస్తారు. జీతమిచ్చేవాళ్లు లేని పనిలో ఇంత నిష్ఠ చూపినందుకు వాళ్లంటే నాకు గౌరవం మరింత పెరిగింది.

లాజరస్ 1.0 రావడానికి 2012 ఆగస్టు అయింది, మొదలుపెట్టిన పదమూడేళ్లకు. అందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. కొత్త పరికరమేదైనా దానికి జోడించమంటే, తన కార్యశాల మొత్తాన్నీ మళ్లీ కంపైల్ చేసుకుని, మూతపడి, ఆ పరికరంతో సహా తిరిగి తెరుచుకుంటుంది. డెల్ఫీ అయితే దాన్ని అప్పటికప్పుడు పక్క ఫైల్లోంచి ఎక్కించుకుంటుంది. ఇక్కడ తన సోర్స్ కోడ్ తన దగ్గరే ఉంది కాబట్టి ఇంకో దారి పట్టగలిగింది.

దీనితో తయారైనవి ఇవాళ చాలామంది వాడుతున్నారు. డెల్ఫీలో మొదలైన కార్త్ దు సియెల్ అనే నక్షత్ర పటాల ప్రోగ్రామ్ లాజరస్‌కు మారి లినక్స్, మ్యాక్‌లలో నడుస్తోంది. మెదడు స్కాన్‌లు చూసే ఎంఆర్‌ఐక్రాన్ ఇందులో రాసిందే. డబ్బు పెట్టి కొనే టోటల్ కమాండర్ అనే ఫైల్ మేనేజర్ 64 బిట్ల వెర్షన్‌ను కూడా దీనితోనే కంపైల్ చేశారు. లైబ్రరీల లైసెన్స్‌లో పెట్టిన మినహాయింపు వల్ల అలా అమ్ముకోవడానికి అడ్డేమీ లేదు.

డెల్ఫీ చేతులు మారి ఎంబార్కడెరో కంపెనీకి వెళ్లాక, ఆ కంపెనీ 2017లో మళ్లీ లినక్స్ కంపైలర్ ఇచ్చింది, అదీ సర్వర్ ప్రోగ్రాములకు. లాజరస్ అప్పటికే కిటికీలు, బటన్లతో సహా అక్కడ ఉంది.