వీఎంలో పాట గరగరమంటే హెడ్‌ఫోన్లు మార్చకండి

తిరువూరు వైపు బీటెక్ పిల్లలు పదేపదే అడిగే ప్రశ్న: విండోస్ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టి, అందులో వర్చువల్ మెషీన్ (వీఎం)గా ఉబుంటు వేసుకుంటే పాట ఎందుకు గరగరమంటుంది? ముందు హెడ్‌ఫోన్లు మారుస్తారు. ఆ తర్వాత ఉబుంటు తీసేసి మళ్లీ వేస్తారు, కొందరైతే మంచిరోజు చూసుకుని మరీ. రాహుకాలం ఆడియో డ్రైవర్ జోలికి రాదు. తేడా వచ్చేది టైమింగ్‌లో.

సెకనుకు 48,000 శాంపిళ్లు తెరిపి లేకుండా అందితేనే పాట పాటగా వినిపిస్తుంది. వీఎంలోని ప్రాసెసరేమో నిజం ప్రాసెసర్ కాదు. బయట ఉన్న విండోస్ వంతు ఇచ్చినప్పుడే దానికి పని. మన మామిడితోటలే చూడండి. డ్రిప్పులో చుక్క ఆగకూడదు, మోటారుకు కరెంటు మాత్రం కరెంటాఫీసు వాళ్లిచ్చినప్పుడే. అందుకే మధ్యలో తొట్టి కట్టుకుంటాం. ఆడియోలో ఆ తొట్టే బఫర్. 480 శాంపిళ్ల తొట్టి 10 మిల్లీసెకన్లలో ఖాళీ అయిపోతుంది. వంతు 15 మిల్లీసెకన్లకు వస్తే, మధ్యలో నీళ్లు లేని ఆ 5 మిల్లీసెకన్లే మీకు వినిపించే ‘టప్’. మరి పెద్ద తొట్టి కడితే సరిపోదా? సరిపోతుంది. కాకపోతే ఈపూట తొట్టిలో కలిపిన ఎరువు, అప్పటికే ఉన్న నీళ్లు పోయాక గానీ చెట్టుకు చేరదు. పాటలు వినేవాళ్లకు ఆ ఆలస్యం లెక్కలోది కాదు. వీఎంలో కీబోర్డు వాయించేవాళ్లకు మాత్రం కీ నొక్కిన కాసేపటికి స్వరం పలుకుతుంది.

గరగర లేకుండా పాట సన్నగొంతుతో పరుగెత్తుతుంటే అది వేరే జబ్బు. వర్చువల్‌బాక్స్ చూపించే పాత ఏసీ97 కార్డుకు లినక్స్‌లో ఇంటెల్8ఎక్స్0 డ్రైవర్ ఉంది. మొదలయ్యేటప్పుడు అది కార్డు వేగాన్ని తానే కొలుచుకునేది. కొలిచే క్షణంలోనే వీఎం వంతు ఆగితే కొలత తప్పినట్టే. ఏసీ97_క్లాక్ విలువ 48000 అని మనమే రాసిస్తే ఆ గొడవ ఉండదు. వీఎంలో ఉన్నానని డ్రైవర్‌కు తెలిసేలా ఇన్‌సైడ్_వీఎం అనే ఆప్షన్ కూడా ఉంది.

మళ్లీ గరగర సంగతికొస్తే, 22.10 నుంచి ఉబుంటులో డిఫాల్ట్ ఆడియో సర్వర్‌గా వస్తున్న పైప్‌వైర్, వీఎంను గుర్తుపట్టి తొట్టిని కనీసం 1,024 శాంపిళ్లకు, అంటే 21 మిల్లీసెకన్లకు పెంచుతుంది. చాలకపోతే 2,048 చేసుకోండి. పాత పల్స్ ఆడియో అయితే టీషెడ్ అనే సెట్టింగ్‌ను 0 చేయండి. వీటికంటే ముందు ఒకటి చూసుకోండి: ల్యాప్‌టాప్‌లో 4 కోర్లుంటే నాలుగూ వీఎంకే రాసివ్వకండి, 2 చాలు.