ఏండ్లకు బేర్లు

ఆత్రేయపురమున నొక పంచలో, కాగిన కుండ బోర్లించి, బియ్యపుపిండి నీట ముంచిన గుడ్డతో పూతరేకులు తీయుచున్న యొక వృద్ధురాలిని "మామ్మగారూ, తమకెన్ని యేండ్లు?" అని యడిగితిని. "విజయలో బుట్టితినమ్మా. గోదావరికి పెద్దవరద వచ్చునప్పటికి చంటిబిడ్డనట" అని యామె చెప్పెను.

ఆ వరద 1953 ఆగస్టులోనిది. విజయనామ సంవత్సరము ఆ యుగాదికే ప్రవేశించినది. లెక్క చక్కగా గుదిరినది. కాని యామె కార్డుపై నెవరో యూహించి వ్రాసినది 1958 జనవరి 1! అందువలన వృద్ధాప్యపు పింఛను అయిదేండ్లు వెనుకబడినదట.

ఆమె యీడు జపాను స్త్రీ యైనచో "షోవా 28" అనెడిది. అచ్చటి కచేరీలలో నేటికిని ఆ లెక్క చెల్లును. యేండ్లకు బేరు పెట్టుట ఆ దేశమున 645లో 'తైకా'తో నారంభమైనది. పూర్వము అగ్నిప్రమాదమో భూకంపమో సంభవించినను పేరు మార్చెడివారు. 1657లో ఎడో నగరము దగ్ధము కాగా మరుసటి యేడే 'మెయిరెకి' పోయి 'మంజి' వచ్చినది. కీడు పేరుతో బోవునా యని మనము నవ్వనక్కఱలేదు. మన యిండ్లలో మాత్ర మిట్టి నమ్మకములు లేవా? 1868లో 'మెయిజి' మొదలు ఒక చక్రవర్తి కొకటే పేరు. షోవా మొదటి యేడు (1926) ఏడే దినములు. కడపటి 64వ యేడును (1989) ఏడే దినములు! 2019 మే 1న వచ్చిన 'రెయివా' జపానువారి ప్రాచీన పద్యసంపుటి 'మన్యోషూ' నుండి గ్రహింపబడినది. అంతకుముందు చీనా గ్రంథములే యాధారము.

మన వేంగీచాళుక్యులును తమ రాజ్యవర్షములను శాసనముల లెక్కించినవారే. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకము శకవర్షము 944, అనగా 1022. కాని ప్రభవాది యఱువది పేర్లు ఏ రాజువియు గావు. రాజు గతించినను మాఱవు. నందన కరువు (1832), ధాత కరువు (1876) అని జనము తలచుకొన్నది వీనితోనే. చిక్కొక్కటే: అఱువదియేండ్లకు అదే పేరు మరల వచ్చును. జపానువారికిని అట్టి చక్రము కలదు. అది నిండినవారికి ఎఱ్ఱని టోపీ, చేతులులేని యెఱ్ఱకోటు తొడిగి, మరల శిశువైనట్లు వేడుక చేయుదురు. మన షష్టిపూర్తి వంటిదే.

"మామ్మగారూ, మరల విజయ 2013లో వచ్చి పోయినది. తమకు షష్టిపూర్తి జరిగినదా?" అంటిని.

"అది మగవారికి గదమ్మా!" అని నవ్వి, ఆమె మఱియొక రేకు తీసినది.