అమ్మాయి సైకాలజీ చదువుతానంటోందా?

ఇంగ్లండులో ఉంటున్న తెలుగు తల్లులూ, ఈ నాలుగు మాటలు మీ కోసమే. అమ్మాయికి సైకాలజీ మీద మనసు. ఏ-లెవెల్ మార్కులేమో చాల్లేదు. కంగారుపడకండి. చాలా యూనివర్సిటీల్లో 'ఫౌండేషన్ ఇయర్' ఉంది. మామూలుగా 3 ఏళ్ల డిగ్రీ, దీంతో కలిపి 4 ఏళ్లవుతుంది. ఆ మొదటి ఏడాదిలో వ్యాసాలు రాయడం, లెక్కలు, ప్రయోగాల రిపోర్టులు నేర్పుతారు. అది పాసైతేనే డిగ్రీలోకి. ఏడాది ఫీజు, హాస్టలు ఖర్చు అదనమని మరిచిపోకండి!

చేర్పించే ముందు ఒక్క సంగతి అడగండి: ఆ డిగ్రీకి బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు ఉందా? పై చదువులకు అదే ముఖ్యం. డిగ్రీతోనే క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు; ఆపైన 3 ఏళ్ల డాక్టరేటు చెయ్యాలి, సీటుకు పోటీ కూడా ఎక్కువే. ఇది అమ్మాయికి ముందే చెప్పండి.

'ఏడాది వృథా, నలుగురేమంటారో' అని దిగులొద్దు. ఇష్టంలేని చదువులో మూడేళ్లు పోగొట్టుకోవడం కన్నా, ఇష్టమైనదానికి ఓ ఏడాది ఎక్కువ పట్టడం నయం కదూ!