ర్యాగింగ్: పేరు పెట్టే అధికారం

ఒక పని నేరమా, సరదానా అన్నది ఆ పని స్వభావాన్నిబట్టి కాక, చేసినవాడి సాంఘికస్థానాన్నిబట్టి నిర్ణయం కావడం వర్గసమాజ లక్షణాల్లో ఒకటి. ర్యాగింగ్ దీనికి మంచి నిదర్శనం. కొత్తగా వచ్చినవాణ్ణి పాతవాళ్ళు చుట్టుముట్టి, అవమానించి, భయపెట్టి, లొంగదీసుకుని, ఆ తర్వాతే తమలో ఒకడిగా చేర్చుకోవడం దాని సారాంశం. ఈ పని వైద్యకళాశాల హాస్టల్లో జరిగితే దాని పేరు 'పరిచయం'. సైనిక శిక్షణాలయంలో జరిగితే 'క్రమశిక్షణ'. లారీ షెడ్డులో జరిగితే 'పని నేర్పడం'. కొత్తకోడలికి అత్తవారింట్లో జరిగితే 'ఇంటి పద్ధతి'. పేటలో నలుగురు నిరుద్యోగ యువకులు సందు మొదట్లో నిలబడి ఇదే పని చేస్తే మాత్రం దాని పేరు 'రౌడీయిజం'. పని ఒకటే, పేర్లు అయిదు. ఈ పేర్లు పెట్టే అధికారం ఎవరి చేతిలో వున్నదన్నదే నేనిక్కడ చర్చించదలచిన విషయం. మాటలతో పనిచేసేవాళ్ళం గనక రచయితలకు ఇది పరాయి విషయం కాదు.

ముందు చట్టం సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ర్యాగింగ్ నిషేధచట్టం వచ్చింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక కూడా అది రెండుచోట్లా అమల్లో వుంది. విద్యార్థికి అవమానం, చికాకు, భయం, బెదిరింపు, గాయం కలిగించే పని ఏదయినా ఆ చట్టం దృష్టిలో ర్యాగింగే. ఏడిపించి అవమానిస్తే ఆరునెలలదాకా జైలు. ఆత్మహత్యకు పురికొల్పితే యావజ్జీవందాకా. ఫిర్యాదు వచ్చినా కదలని ప్రిన్సిపాలు కూడా నేరానికి తోడ్పడినట్టే లెక్క. కాగితం మీద ఇది కఠినమైన చట్టమే.

కాని ఆచరణలో చూపు వేరు. విద్యార్థుల తప్పులను ముందు విద్యాసంస్థలోనే సరిదిద్దాలనీ, తప్పనిసరయితే తప్ప పోలీసులదాకా పోరాదనీ 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మెతకదనాన్ని సంస్థలు తమ పరువు కాపాడుకోడానికి వాడుకున్నాయి. 2007 మేలో అదే కోర్టు, సంస్థ తీసుకున్న చర్యతో బాధితుడికి తృప్తి లేకపోతే పోలీసు కేసు పెట్టి తీరాలని ఆదేశించవలసివచ్చింది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని టాండా వైద్యకళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థి సీనియర్ల దెబ్బలకు చనిపోయాడు. ఆ జూన్‌లో గాని యు.జి.సి. నిబంధనలు రాలేదు.

ఇప్పుడు రెండోవైపు చూడండి. పేట కుర్రాడి మీద రౌడీషీటు తెరవడానికి కోర్టు శిక్ష పడి వుండనక్కర్లేదు. పోలీసుశాఖ తన నిబంధనల ప్రకారం తానే తెరవవచ్చు. ఎన్నికలొచ్చినా, ఊరేగింపులొచ్చినా అతన్ని స్టేషనుకు పిలుస్తారు. కళాశాలలో ఒక సీనియర్ని సస్పెండు చేయగానే వినిపించే 'పాపం, కుర్రాడి భవిష్యత్తు' అన్న మాట ఇతని విషయంలో ఎవరి నోటా రాదు. భవిష్యత్తు కూడా ఫీజు కట్టినవాడి సొంత ఆస్తి అయిపోయింది.

నా దగ్గర పదోతరగతి చదివిన ఇద్దరు కుర్రాళ్ళ సంగతి చెబుతాను. ఒకే బెంచీ మీద కూచున్నవాళ్ళు. ఒకడు ఇంజనీరింగు కాలేజీలో చేరాడు. రెండోవాడు తండ్రి మంచాన పడడంతో చదువు మాని లారీ షెడ్డులో హెల్పరుగా కుదిరాడు. మొదటివాణ్ణి సీనియర్లు రాత్రంతా వరండాలో నిలబెట్టి సలాములు కొట్టించారు, బట్టలు ఉతికించారు. రెండోవాడి తలమీద పాతపనివాళ్ళు తొలిరోజే మడ్డి ఆయిలు పోసి నవ్వారు. మేస్త్రీ పానాతో మోకాలి మీద కొట్టాడు. ఇద్దరూ ఇంటికి పారిపోయి వచ్చారు. మొదటివాడి తండ్రి ఫోను చేస్తే కాలేజీలో కమిటీ కూచుంది. రెండోవాణ్ణి తల్లే చెయ్యి పట్టుకుని షెడ్డుకు తీసుకుపోయి, "తన్నినా మీరే, నేర్పినా మీరే బాబూ" అని అప్పగించి వచ్చింది. దెబ్బలు తినకుండా పనెలా వస్తుందని వీధివీధంతా అన్నది. చట్టం 'విద్యార్థి' అన్నది. ఇతను విద్యార్థి కాడు.

మరుసటేడు మొదటివాడు తానే సీనియరయ్యాడు. "మమ్మల్ని చెయ్యలేదా మాస్టారూ, అదంతా సరదాకే" అన్నాడు నాతో. అత్తా ఒకింటి కోడలే అన్న సామెత ఊరికే పుట్టలేదు. రెండోవాడు ఒకనాడు సహించలేక మేస్త్రీ మీద చెయ్యి చేసుకున్నాడు. ఆ రాత్రే అతన్ని పోలీసు స్టేషనులో కూచోబెట్టారు.

ఈ చూపు ఎక్కడిదో తెలుసుకోవాలంటే సాహిత్య విద్యార్థులు ఒక పాత ఇంగ్లీషు నవలను గుర్తుచేసుకోవాలి. 1857లో టామస్ హ్యూస్ రాసిన 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్' రగ్బీ పాఠశాల జీవితాన్ని చిత్రించింది. అక్కడ చిన్నతరగతులవాళ్ళు పెద్దవాళ్ళకు ఊడిగం చెయ్యాలి. దాన్ని 'ఫ్యాగింగ్' అనేవారు. నవలలో టామ్ తిరగబడతాడు. అయితే ఊడిగం మీద కాదు. ఊడిగం చేయించుకునే హక్కు ఆరో ఫారంవాళ్ళదయితే, ఆ హక్కులేని అయిదో ఫారంవాళ్ళు చేయించుకోవడం మీద! అంటే పని తప్పు కాదు, అర్హత లేనివాడు చేయడమే తప్పు.

ఇలాంటి బడుల్లో పెరిగిన దొరలు మనల్ని పాలించారు. ఆ నవల వచ్చిన 14 ఏళ్ళకు, 1871లో, కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసే చట్టం చేశారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ విస్తరించింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటులో యెరుకల కుటుంబాలను ఉంచి కాపలా పెట్టారు. తమ పిల్లల క్రౌర్యం శీలనిర్మాణం, యెరుకల పిల్లవాడి పుట్టుకే నేరం! ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ చూపు రద్దు కాలేదు.

మన కళాసాహిత్యాల సంగతేమిటి? అత్తింటి ఆరళ్ళను తెలుగు కథ నిలదీసింది. హాస్టలు ఆరళ్ళ దగ్గరకొచ్చేసరికి మనం నవ్వేస్తున్నాం. సుప్రీంకోర్టు ఆదేశం వచ్చిన 2007లోనే, అక్టోబరులో, శేఖర్ కమ్ముల 'హ్యాపీ డేస్' విడుదలైంది. సున్నితమైన సినిమాయే, దర్శకుడి సంస్కారాన్ని నేను శంకించను. అయినా అందులో ర్యాగింగ్ స్నేహాలకు ముఖద్వారం, నాలుగేళ్ళ తీపి జ్ఞాపకాల్లో ఒకటి. తట్టుకుని నిలబడ్డవాడి కంటితోనే ప్రేక్షకుడు చూస్తాడు. పెట్టె సర్దుకుని రాత్రి బస్సెక్కి వెళ్ళిపోయినవాడి కన్ను అక్కడ లేదు.

అలా వెళ్ళిపోయేవాళ్ళలో ఇంగ్లీషు రాని పల్లెటూరి పిల్లలుంటారు. 'నీ ర్యాంకెంత?' అని పదిమందిలో అడిగించుకున్న దళిత, గిరిజన విద్యార్థులుంటారు. వీళ్ళకు ర్యాగింగ్ మొదటి నెలతో అయిపోదు. కులం, మతం, ప్రాంతం, భాష ఆధారంగా చేసే వేధింపు, వెలివేత కూడా ర్యాగింగేనని యు.జి.సి. 2016లో నిబంధనలకు చేర్చింది. 2019లో ముంబైలో, 2023లో వరంగల్‌లో చదువుతున్న గిరిజన వైద్యవిద్యార్థినులు మరణించాక ర్యాగింగ్ చట్టం, అట్రాసిటీ చట్టం కింద కేసులు నడిచాయి. నేరం సంగతి కోర్టులు తేలుస్తాయి. నేను గమనించింది చుట్టూ జరిగిన చర్చను. 'పని ఒత్తిడి' అన్నారు, 'సీనియర్లు మందలించడం మామూలే' అన్నారు, 'అమ్మాయి సున్నితం' అన్నారు. చనిపోయినవాళ్ళకే లోపం అంటగట్టే మాటలివి.

అయితే కళాశాల కుర్రాళ్ళ మీద కూడా రౌడీషీట్లు తెరవమంటారా అని మిత్రులు అడగవచ్చు. కాదు. తప్పు చేసిన యువకుడు మారతాడన్న నమ్మకం నాకూ వుంది; ముప్ఫయిమంది పిల్లల ముందు నిలబడేవాడెవడూ ఆ నమ్మకం లేకుండా పాఠం చెప్పలేడు. ఆ నమ్మకం పేట కుర్రాడికీ దక్కాలంటున్నాను. విద్యార్థికున్న రక్షణ షెడ్డులో కుర్రాడికీ వుండాలంటున్నాను. అందర్నీ ఒకే బోనులో నిలబెట్టడం కాదు, అందర్నీ ఒకే కంటితో చూడడం కావాలి.

చట్టాలు మార్చడం మన చేతిలో లేకపోవచ్చు, మాటలు మన చేతిలో వున్నాయి. కథలో 'సరదా' అని రాసేముందు అది ఎవరి సరదా అని రచయిత ప్రశ్నించుకోవాలి. 'రౌడీ' అని రాసేముందు ఆ పేరు ఎవరు పెట్టారో ఆరా తీయాలి. హాస్టలు కథలు రాయడానికి చదువుకున్నవాళ్ళు చాలామంది వున్నారు. తలమీద మడ్డి ఆయిలు పోయించుకున్నవాడి కథ అతనయినా రాయాలి, అతని పక్షాన మనమయినా రాయాలి.